మామిడి రైతుల చేత సినిమాలో నటింపజేయడం ఎలా?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా బంగారుపాళెం దగ్గర ఒక పల్లె. తిరుపతిలో ఉద్యోగం చేస్తూ కొన్ని లఘుచిత్రాలు తీశాను. ఇప్పుడు రెండు గంటల సినిమాకు కథ రాసుకున్నాను. తోతాపురి కాయలు ట్రాక్టరుకు ఎత్తుకొని గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు మూడు పగళ్లు, మూడు రాత్రులు వరుసలో కాచుకొని ఉండే ఒక రైతు, అతని వెంట వచ్చిన పదేళ్ల కూతురు: ఇదీ కథ. వేషాలన్నీ మా పక్క రైతుల చేతనే వేయించాలని నా కోరిక. రైతు పాత్రకు మా మేనమామను అనుకున్నాను. ఆయన అరుగు మీద కూర్చుని మాట్లాడుతుంటే వీధి వీధంతా చేరుతుంది. కానీ పరీక్షగా ఒక సన్నివేశం తీసి చూస్తే, టీవీ సీరియల్లో మాదిరి గొంతు పెంచి, చేతులు తిప్పి, మాటమాటకూ కెమెరా వైపు చూశారు. ముఖ్యపాత్రకైనా హైదరాబాదు నుంచి నటుణ్ణి తెచ్చుకోమని మిత్రులు అంటున్నారు. నటన తెలియనివాళ్లను ఎలా ఎంచుకోవాలి? వాళ్ల చేత ఎలా చేయించాలి? మామకు ఇప్పటికే మాట ఇచ్చేశాను, ఆ సంగతి ఏం చేయాలి?
ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: మీ మామ నటన తెలియక సన్నివేశాన్ని పాడుచేయలేదు, తనకు తెలిసిన నటనంతా చూపించబోయి పాడుచేశారు. ధర్మరాజుల గుడి ఉన్న మన ఊళ్లలో పద్దెనిమిది రోజుల భారతం జరిగేటప్పుడు పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం చూస్తూ పెరిగిన తరం ఆయనది. ఆ తరానికి నటించడమంటే చివరి వరుసలో దుప్పటి కప్పుకొని కూర్చున్న అవ్వకు కూడా వినబడేటట్టు గొంతెత్తడం, కోపాన్ని కళ్లతోనూ చేతులతోనూ కూడా చూపడం. ఆ రంగస్థలానికి అది అవసరమైన విద్యే గాని తప్పు కాదు. తిరుపతి గంగజాతరనే చూడండి. బైరాగి వేషం, తోటి వేషం, మాతంగి వేషం అంటూ రోజుకొక వేషం కట్టుకొని, ఏడాది పొడుగునా పదిమందిలో నోరెత్తని మనిషి కూడా నడిబజారులో సంకోచం లేకుండా తిరుగుతాడు, ఎందుకంటే ముఖానికున్న రంగూ ఒంటిమీది చీరా అతనికి అడ్డుగా నిలబడతాయి. మీరు మీ మామను కోరింది సరిగ్గా అందుకు వ్యతిరేకం. రంగు లేదు, చీర లేదు. తన చొక్కాతోనే, తన ట్రాక్టరు పక్కనే నిలబడి, తాను కాని ఇంకొక రైతుగా కనబడమన్నారు. ఆ ఇబ్బంది నుంచి బయటపడడానికి ఆయన తనకు తెలిసిన వేషాన్ని గొంతులోకి తెచ్చుకున్నారు.

కాబట్టి ఆయనకు నటనలో శిక్షణ ఇప్పించే ఆలోచన ఉంటే మానుకోండి. నటులు కాని వాళ్లతో సినిమా తీసే దర్శకుడి పనిలో ముప్పాతిక భాగం ఎంపికలోనే తీరిపోతుందని నా అభిప్రాయం. మిగిలిన పావు భాగం షూటింగు పద్ధతిని ఆ మనుషులకు తగ్గట్టు మార్చుకోవడం. క్లాప్, లైట్లు, నేలమీద గుర్తులు, పదిసార్లు చేయించే టేకులు, ఇవన్నీ వృత్తినటుల కోసం ఏర్పడిన అలవాట్లు. వాటికి రైతును లొంగదీయాలని చూస్తే రైతు పోయి నాసిరకం నటుడు మిగులుతాడు.

ఎంపిక కోసం ఆడిషన్ ప్రకటన మాత్రం ఇవ్వకండి. దాన్ని చూసి వచ్చేవాళ్లు నటులు కావాలనుకునే కుర్రవాళ్లు. మీకు కావలసిన రైతు దాన్ని చదవడు, చదివినా తనకోసమని అనుకోడు. సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలీ' (1955)లో అపు పాత్రకు పత్రికలో ప్రకటన వేసి చాలామంది పిల్లల్ని చూశారు గాని ఎవరూ కుదరలేదు. చివరికి పక్కింట్లో ఆడుకుంటున్న సుబీర్ బెనర్జీని రాయ్ భార్య బిజయ చూసి చెప్పడంతో వెతుకులాట ముగిసింది. మీరు వెళ్లవలసింది కాయలు దిగే రోజుల్లో దామలచెరువు, బంగారుపాళెం మండీలకు. మొదట కెమెరా తీసుకెళ్లకండి, సినిమా మాట ఎత్తకండి, ఊరికే కూర్చోండి.

అక్కడ ఎవరు బాగా మాట్లాడతారా అని కాక ఎవరు బాగా వింటారా అని గమనించండి. మీ మామ విషయంలో మీ అంచనా తప్పింది ఇక్కడే అనుకుంటాను. అరుగు మీద కబుర్లు చెప్పే మనిషికి శ్రోతలుంటారు గాని ఎదురు మాట్లాడేవాళ్లు ఉండరు. ఇంకొకరి మాటకు లోనై తన మాటను మార్చుకోవలసిన అవసరం ఆయనకు రాదు. మీ కథలో రైతు మూడు రోజులు కాచుకొని ఉండే మనిషి. అతడు ట్రాక్టరు తొట్టికి ఆనుకొని ఏమీ అనకుండా గేటు వైపు చూస్తున్నా, ఆ చూపు వెనక ఏదో లెక్క నడుస్తున్నదని మనకు అనిపించాలి. ఇటువంటి ముఖాలు మండీలో ఒక మూల, బీడీ వెలిగించుకోవడం కూడా మరిచిపోయి, ఇతరుల బేరాలు వింటూ కూర్చొని ఉంటాయి.

అటువంటి మనిషి దొరికాక, నాలుగు రోజులు పరిచయం పెంచుకొని, అడిగి ఒప్పించుకొని, ఫోనుతోనే ఒక పరీక్ష చేయవచ్చు. తూకం దగ్గర తరుగు ఎక్కువ తీశారని ఎప్పుడైనా గొడవపడ్డారా అని అడగండి. పడని రైతు ఉండడు. ఆ సంగతి పూర్తిగా చెప్పనిచ్చి, తర్వాత ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టి మళ్లీ చెప్పమనండి. ఆ రెండోవాడికి మాత్రం మధ్యలో అడ్డం వచ్చి, "అబద్ధం చెప్తా ఉండావు సామీ, ఆ దినం నేనూ ఆడనే ఉండా" అనమని ముందే చెప్పి ఉంచండి. మొదటిసారి చెప్పిన వాక్యాలను వదలకుండా అప్పజెప్పేవాడు మీకు ఉపయోగపడడు. చెబుతున్న సంగతిని అక్కడే వదిలేసి, అడ్డం వచ్చినవాడి మీదికి తిరిగి తగువు వేసుకునేవాడు ఉపయోగపడతాడు. ఆపైన అతణ్ణే తూకం గుమాస్తాగా కూర్చోబెట్టి ఎదుటి రైతును దబాయించమనండి. తనను ఏడిపించిన మనిషి మాటతీరును పట్టుకొని ఎగతాళిగా దించగలిగినవాడు కెమెరాకు బెదరడు. ఇన్ని చేశాక కూడా ఆయన ఇంట్లోవాళ్లకు ఇష్టమేనా, సాయంత్రమయ్యేసరికి మందు అలవాటుందా, మీరు ఎంచుకున్న ఇంకొకరితో ఆయనకు గట్టు తగాదాలున్నాయా అన్నవి విచారించుకోవాలి. షూటింగులు ఆగేది నటన రాక కాదు, చాలాసార్లు వీటివల్లే.

మనుషులు దొరికాక స్క్రిప్టును మళ్లీ రాయండి. ఈ మాట మీకు నచ్చకపోవచ్చు, కానీ ఇక్కడ క్రమం తిరగబడుతుంది: పాత్రకు మనిషిని వెతకడం కొంతవరకే సాగుతుంది, ఆ తర్వాత మనిషికి తగ్గట్టు పాత్రను సర్దవలసిందే. మండ్య జిల్లా పల్లెలో పూర్తిగా ఊరివాళ్లతో తీసిన కన్నడ చిత్రం 'తిథి' (2015)కి బలం అక్కడే ఉంది. దర్శకుడు రామ్ రెడ్డితో కలిసి రాసిన ఈరేగౌడ ఆ ఊరి మనిషే. గడ్డప్ప, సెంచరీ గౌడ వంటి పాత్రలు ఆ మనుషుల నడక, మాట, మొండితనం చూసి అల్లినవి. మన తెలుగులో 'కేరాఫ్ కంచరపాలెం' (2018)కి దర్శకుడు వెంకటేష్ మహా విశాఖపట్నంలోని ఆ పేట నుంచే 80 మందికి పైగా కొత్తవాళ్లను తీసుకున్నారు. మీరు ఎంచుకున్న రైతు మితభాషి అయితే మీరు రాసిన పెద్ద సంభాషణను కొట్టేయండి. ఆయనకు ఒక కాలు కొంచెం ఈడ్చి నడిచే అలవాటుంటే దాన్ని దాచకుండా, గేటు నుంచి కాటా దాకా నడిచే దూరాన్ని కథలో పెంచండి.

యాస గురించి మీరు అడగలేదు గాని అది కూడా ఎంపికతో ముడిపడిన విషయమే. ఈమధ్య పెద్ద సినిమాల్లో చిత్తూరు యాస అన్నది ఒక బాణీగా స్థిరపడిపోయింది, అందరూ ఒకే తీరున సాగదీస్తారు. కానీ కుప్పం వైపు మాట వేరు, నగరి, సత్యవేడు వైపు తమిళం కలిసిన మాట వేరు, మదనపల్లె వైపు మాట వేరు. తండ్రి బంగారుపాళెం వాడు, కూతురు పుత్తూరు పిల్ల, తమ్ముడు పీలేరు వాడు అయితే తెలిసిన ప్రేక్షకుడికి ఆ కుటుంబం కుటుంబంగా వినబడదు. ఇంటి మనుషులుగా కనబడవలసిన వాళ్లను ఒకటి రెండు మండలాల లోపలే చూసుకోండి. సంభాషణలను వాళ్ల నోటి నుంచే రానివ్వండి. 1948లో ఇటలీ దర్శకుడు విస్కాంటి సిసిలీ జాలరుల చేత 'లా తెర్రా త్రేమా' తీసినప్పుడు వాళ్ల మాండలికాన్నే ఉంచేశారు. తక్కిన ఇటలీవాళ్లకు అది అర్థం కాదని వ్యాఖ్యానం జతచేశారు గాని జాలరుల మాటను మాత్రం మార్చలేదు.

ఇక మీ మామ సంగతి. ఆయనను తప్పించవద్దు, ఆయన గొంతుకు తగిన చోటు చూపించండి. మీ కథలో మండీ యజమాని ఉన్నాడో లేదో నాకు తెలియదు, లేకపోతే సృష్టించండి. పదిమంది ముందు నిలబడి గొంతెత్తి వేలంపాట పాడి సరుకు అమ్మించే మనిషి, నిజజీవితంలోనే సగం నటుడు. చేతులు తిప్పడం ఆ వృత్తిలో అతి కాదు. ఈ మార్పును ఆయనకు మీరే, ఒంటరిగా ఉన్నప్పుడు, ఇంకెవరి ద్వారానో తెలియకముందే చెప్పండి. "మామా, ఆ రైతు ఏమీ మాట్లాడడు, నీకు అది కట్టేసినట్టుంటుంది" అంటే అది అబద్ధమూ కాదు, అవమానమూ కాదు.

హైదరాబాదు నటుడి విషయంలో నాకు గట్టి అభ్యంతరమేమీ లేదు, కానీ మీ మిత్రులు చెప్పిన కారణానికి మాత్రం కాదు. ఒక్కడైనా అనుభవజ్ఞుడుంటే సినిమా నిలబడుతుందనుకుంటారు. నిజానికి తక్కినవాళ్లందరూ ఊరివాళ్లయినప్పుడు ఆ ఒక్కడే తేడాగా కనబడతాడు. చైతన్య తమ్హానే మరాఠీ చిత్రం 'కోర్ట్' (2014)లో గాయకుడి పాత్రకు ఉద్యమకారుడు వీరా సాథిదార్‌ను తీసుకొని, న్యాయవాదుల పాత్రలకు గీతాంజలి కులకర్ణి, వివేక్ గోంబర్ వంటి నటులను పెట్టారు. అక్కడ ఆ కలయిక కుదిరింది, ఎందుకంటే న్యాయవాదులు ఆ గాయకుడి లోకానికి బయటివాళ్లే. మీ కథలో కూడా బయటి మనిషి ఒకడున్నాడు: ఫ్యాక్టరీ మేనేజరు. నటుణ్ణి తెస్తే ఆ పాత్రకు తెండి. ఆ నటుడూ మీ రైతూ కలిసే సన్నివేశాల్లో ముందు రైతు క్లోజప్‌లు తీసుకోండి. నటుడు ఎనిమిదోసారి కూడా అదే మాటను అదే వేడితో అనగలడు, రైతు అనలేడు.

మీ ఉత్తరం చదవగానే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది వేరే సంగతి. మీ కథ జరిగేది కాయల కాలంలో, అంటే మీ నటులకు ఏడాదిలో ఊపిరి సలపని రోజుల్లో. కోతలు, కూలీలు, వాహనాలు, టోకెన్లు, ధర ఎప్పుడు పడిపోతుందోనన్న భయం, ఇన్నిటి మధ్య ఏ రైతూ మీకు ముప్పై రోజులు కాల్షీట్ ఇవ్వలేడు, ఇమ్మని అడగడం న్యాయం కూడా కాదు. అందువల్ల షూటింగును రెండుగా విడదీయండి. కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు ఇద్దరు ముగ్గురితో, చిన్న కెమెరాతో, వరుసలో నిలిచిన ట్రాక్టర్లను, రాత్రి తొట్ల కింద పడుకున్న మనుషులను, ఎండకు కప్పిన టార్పాలిన్లను ఉన్నవి ఉన్నట్టు తీసుకోండి. మీరు ఎంచుకున్న రైతు తన సొంత సరుకుతో ఎలాగూ అక్కడే ఉంటాడు, ఆయనను కూడా తీయండి. మాటలున్న సన్నివేశాలను కోతలు సద్దుమణిగాక, చివరి కాయలు దొరుకుతున్నప్పుడే, నాలుగైదు ట్రాక్టర్లు అద్దెకు తీసుకొని తీయండి. ఆయన చొక్కా, తలగుడ్డ, గడ్డం పొడుగు రెంటిలోనూ కలిసేటట్టు ఫోటోలు పెట్టుకోవడం మీ అసిస్టెంట్ పని, దాన్ని రైతుకు అప్పగించకండి.

చిత్రీకరణలో స్క్రిప్టు కాగితం వాళ్ల చేతికి ఇవ్వకండి, పరిస్థితిని చెప్పండి. అంతమాత్రాన అంతా వాళ్లకే వదిలేయమని కాదు. బ్రెజిల్ చిత్రం 'సిటీ ఆఫ్ గాడ్' (2002) కోసం రియో డి జనీరో మురికివాడల కుర్రవాళ్లతో నెలల తరబడి అభ్యాసాలు చేయించి, అక్కడ పుట్టిన మాటలనే సంభాషణలుగా స్థిరపరిచారు. చూసేవాళ్లకు ఆశువుగా అనిపించే దాని వెనక అంత పని ఉంది. బ్రిటిష్ దర్శకుడు కెన్ లోచ్ కథాక్రమంలోనే సన్నివేశాలు తీస్తారు, మొత్తం స్క్రిప్టును నటులకు ముందుగా ఇవ్వరు, కాబట్టి తర్వాత ఏమవుతుందో పాత్రకు తెలియనట్టే నటుడికీ తెలియదు. మూడు రోజుల కథ గనుక ఈ పద్ధతి మీకు సులువుగానే కుదురుతుంది. దీనికి పూర్తిగా ఎదురైన దారి ఫ్రెంచి దర్శకుడు రొబేర్ బ్రెసాఁది: భావమంతా ఆవిరయ్యేదాకా ఒకే చేష్టను మళ్లీ మళ్లీ చేయించడం. అది ఆయన లోకానికి సరిపోయింది. మీ మండీకి సరిపోదు.

గేటు దగ్గర మొదటి వాదన సన్నివేశాన్నే తీసుకుందాం. రైతును పక్కకు పిలిచి ఒక్కటే చెప్పండి: ఈ పూటకు సరుకు లోపలికి పోకపోతే అడుగున ఉన్న కాయలు మెత్తబడతాయి, టోకెన్ మాత్రం రేపటిది, ఎలాగైనా లోపలికి పోవాలి. గేటు మనిషిని వేరుగా పిలిచి, ఏం చెప్పినా వదలవద్దని, కానీ పాప పేరు అడగమని చెప్పండి. పాప పేరు అడుగుతాడని రైతుకు తెలియకూడదు. రైతు చేతికి ఒక పని ఇవ్వండి, టార్పాలిన్ తాడు ఊడిపోతోంది, మాట్లాడుతూనే దాన్ని బిగించాలి. పని ఉన్న చేతులు గాలిలో తిరగవు, ముడి మీదున్న కళ్లు కెమెరాను వెతకవు. ఎక్కడ ఆగాలో సుద్దతో గీయకండి, అక్కడ తాడు కొక్కెం ఉండేటట్టు చూడండి, దానికోసం ఆయనే వచ్చి ఆగుతాడు. 'పథేర్ పాంచాలీ'లో అక్క కోసం రెల్లుపొదల్లో వెతికే అపు నడక తడబడుతూ, ఆగుతూ ఉండడానికి రాయ్ దారిలో పుల్లలు వేయించి దాటుతూ రమ్మన్నారు, తల తిప్పవలసిన చోట పొదల్లో దాగిన సహాయకుల చేత పిలిపించారు. సందేహంగా నడవమని ఆ పిల్లవాడికి చెప్పి ఉంటే ఎంత కృతకంగా నడిచేవాడో ఊహించుకోవచ్చు.

"యాక్షన్" అని అరవకండి. ఆయన తాడు బిగించడం మొదలుపెట్టాక కెమెరా నడిపించండి, మాట అయిపోయాక కూడా వెంటనే ఆపకండి. గేటు మనిషి ఒప్పుకోక, రైతు "ఏం సామీ, మూడు దినాలుగా ఈడనే పడుండాము, కాయలు తొట్లోనే మాగిపోతా ఉండాయి" అని, తర్వాత ఏం చేయాలో తోచక కూతురి వైపు చూసే ఆ చూపు, మీరు రాసిన మాటలకంటే విలువైనది కావచ్చు. వీలైతే రెండు కెమెరాలు పెట్టండి, ఒకటి రైతు మీద, ఒకటి గేటు మనిషి మీద, ఎందుకంటే ఈ సంభాషణ ఇదే రూపంలో రెండోసారి రాదు. రెండు మూడు టేకులకు మించి వెళ్లకండి. బాగా రాకపోతే మళ్లీ అదే చేయమనకుండా పరిస్థితిలో ఏదో ఒకటి మార్చండి. సరిదిద్దవలసి వచ్చినప్పుడు "కోపం సరిపోలేదు" అనకండి, "ముడి పడేదాకా అతని ముఖం చూడవద్దు" అనండి. మీరు నటించి చూపించడం అన్నిటికంటే చెడ్డది. ఆ క్షణం నుంచి ఆయన మిమ్మల్ని అనుకరిస్తాడు. చుట్టూ చేరి నవ్వే బంధువులను మర్యాదగానే దూరం పంపండి, ఆ పనిని ఊళ్లో మాట చెల్లే పెద్దమనిషికి అప్పగిస్తే మీకు చెడ్డపేరు రాదు.

మన సినిమాల్లో కెమెరా పక్క నుంచి అసిస్టెంట్ డైరెక్టర్ మాటలు అందించే ప్రాంప్టింగ్ అలవాటు ఉంది. మీ సెట్లో దాన్ని పూర్తిగా నిషేధించండి. మాట అందుతుందని తెలిసిన మనిషి ఎదుటివాడిని వినడం మానేసి, ఆ గొంతు కోసం కాచుకుంటాడు. డబ్బింగ్ కూడా మీకు కుదరదు. అద్దాల గదిలో తన పెదవుల కదలికకు తానే మాట కలపడం వృత్తినటులకే ఏళ్ల సాధన. రైతు చేత చేయిస్తే గేటు దగ్గర పలికిన ప్రాణం ఆ గదిలో పోతుంది, ఇంకొకరి చేత చెప్పిస్తే ఇంత శ్రమపడి ఆయనను ఎంచుకున్నదే వృథా. సింక్ సౌండ్‌కు, అంటే షూటింగు జరిగేటప్పుడే మాటలు రికార్డు చేసుకోవడానికి, డబ్బు పెట్టండి, అవసరమైతే లెన్సుల అద్దె తగ్గించుకోండి. ట్రాక్టర్ల రొదలో పోయిన మాటలను, షాట్ ముగిసిన వెంటనే, ఆయన ఇంకా ఆ వేడిలో ఉండగానే, కొంచెం దూరం తీసుకెళ్లి కెమెరా లేకుండా మాట మాత్రం రికార్డు చేసుకోండి.

పదేళ్ల పాప విషయంలో అభిరుచికి ముందు చట్టం వస్తుంది. 14 ఏళ్లు నిండని పిల్లలు సినిమాలో పనిచేయడానికి 2016లో సవరించిన బాలకార్మిక చట్టం, 2017 నాటి నియమాలు షరతులతో అనుమతిస్తాయి. షూటింగు ఏ జిల్లాలో జరిగితే ఆ జిల్లా కలెక్టరు అనుమతి నిర్మాత ముందే తీసుకోవాలి. రోజుకు 5 గంటలకు మించి, విరామం లేకుండా 3 గంటలకు మించి పని చేయించకూడదు, వరుసగా 27 రోజులకు మించకూడదు, చదువు ఆగకూడదు, పాప సంపాదనలో కనీసం 20 శాతం ఆమె పేరిట జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. మీ సినిమాలో రాత్రి సన్నివేశాలు చాలా ఉన్నట్టున్నాయి. తండ్రి ఒడిలో పాప నిద్రపోయే షాట్లను సాయంకాలపు చివరి వెలుగులో తీసి రాత్రిగా చూపించుకోండి. ఏడుపు కోసం పిల్లను బెదిరించడం, అమ్మకు ఏదో అయిందని చెప్పడం వంటి పాత చిట్కాలను ఎవరు సలహా ఇచ్చినా వినకండి. ఏడవని పాప ముఖం మీద తండ్రి మాటలు వినిపిస్తే చాలు.

చివరిగా, మీ ఉత్తరంలో ఎక్కడా లేని విషయం ఒకటి చెప్పాలి. మీ రైతు మీ సినిమాలో గేటు దగ్గర ఫ్యాక్టరీ మనుషులతో పోట్లాడతాడు. వచ్చే ఏడు జూన్‌లో అదే మనిషి అదే గేటుకు నిజం సరుకు తీసుకొని పోవాలి. నటుడైతే ఇంకొక సినిమాకు వెళ్లిపోతాడు, ఈయన మాత్రం అక్కడే ఉంటాడు. ఇటలీ చిత్రం 'బైసికిల్ థీవ్స్' (1948)లో తండ్రి పాత్ర వేసిన లంబెర్తో మజ్జొరానీ రోములో ఫ్యాక్టరీ కార్మికుడు. సినిమా ప్రపంచమంతటా పేరు తెచ్చుకుంది గాని, ఆయన మళ్లీ పనిలో చేరాక, మనుషులను తగ్గించేటప్పుడు ఆయన ఉద్యోగం పోయింది, ఆ తర్వాత వచ్చినవి చిన్న వేషాలే. 'సలాం బాంబే' (1988)లో నటించి జాతీయ పురస్కారం అందుకున్న షఫీక్ సయ్యద్ తర్వాత బెంగళూరులో ఆటో నడుపుకున్నారు. ఆ సినిమా తీసినవాళ్లు వీధిబాలల కోసం సలాం బాలక్ ట్రస్టును నెలకొల్పారు గనుక బాధ్యత మరిచిపోయారని అనలేం. అయినా ఒక మనిషిని తెరమీదికి తీసుకురావడం ఆయన తక్కిన జీవితాన్ని మార్చకపోవచ్చు, కొన్నిసార్లు చెడగొట్టవచ్చు.

అందువల్ల నిజమైన ఫ్యాక్టరీ బోర్డు, రంగులు, యూనిఫాం ఏవీ కనబడనివ్వకండి. గేటును మీరే కట్టించుకోండి. ఏ ఫ్యాక్టరీకి సరుకు వేస్తారో ముందే అడిగి తెలుసుకొని, దానికి దగ్గరగా ఉన్న వివరాలను కథ నుంచి తీసేయండి. రైతు కోపంలో నిజం పేర్లు అంటే, అవి ఎంత బాగా పలికినా, ఎడిటింగ్‌లో కోసేయండి. పారితోషికం విషయంలో కూలి లెక్క కట్టకండి. ఆ రోజు పొలంలో ఆయన బదులు ఎవరినైనా పెట్టుకోవలసి వస్తే ఆ ఖర్చు, ట్రాక్టరు వాడితే దాని బాడుగ, వాటిపైన ఆయనకు పారితోషికం, ఏ రోజుది ఆ రోజు చేతికి ఇవ్వండి. ఒప్పందాన్ని తెలుగులో రాయించి, ఇంట్లోవాళ్లు వినేటట్టు పైకి చదివించి, అప్పుడు సంతకం తీసుకోండి. సినిమా పూర్తయ్యాక, బయట ఎవరికీ చూపించకముందు, నటించినవాళ్లకు ఊళ్లోనే వేసి చూపిస్తామనీ, తన జీవనోపాధికి దెబ్బ తగులుతుందని ఎవరైనా అనుకుంటే ఆ భాగాన్ని తీసేస్తామనీ అందులో రాయండి. మీ నిర్మాత ఈ షరతుకు ఒప్పుకోకపోతే, షూటింగు మొదలుపెట్టకముందే ఆయనతో ఆ సంగతి తేల్చుకోండి.